ఒక నాయనమ్మ సాహసము

మా శ్రీనగర్ కాలనీనుండి ఫిలింనగరునకు పోవు త్రోవలో నెందరో నటీనటుల పేర్లు చెవిని బడుచుండును. వానిలో మా నాయనమ్మను జ్ఞప్తికి దెచ్చు పేరొకటి కలదు. అది శ్రీమతి విజయనిర్మలగారిది.

వారు 1946లో జన్మించి, 1957లో 'పాండురంగ మహత్యం'లో బాలకృష్ణుడుగా నటించిరి. కథానాయికగా పేరువడసియు నంతటితో తృప్తినొందక, 1973లో యద్దనపూడి సులోచనారాణిగారి నవల నాధారముగా గొని 'మీనా' చిత్రమునకు దర్శకత్వము వహించిరి. అత్యధిక చిత్రములకు దర్శకత్వము వహించిన మహిళగా 2002లో గిన్నిస్ గ్రంథమున కెక్కిరి. 2019లో దివంగతులగునాటికి వారును మనుమలుగల నాయనమ్మయే.

మా నాయనమ్మ యే గ్రంథమునకును ఎక్కలేదు. ఐనను, పాతచీరల యంచులతో నామె కుట్టిన బొంతలలో నొకదాని కూర్పు మఱియొకదానికి రాలేదు. తాతగారు గతించిన పిదప, ఇంటిల్లిపాదియు వలదన్నను, ఒంటరిగా రైలెక్కి కాశికి పోయి వచ్చెను. ఆమె ముచ్చటలను వ్రాసిపెట్టినవారు లేరు, బొంతలును చివికిపోయినవి.

విజయనిర్మలగారి పనికి వారి చిత్రములే సాక్ష్యము. మన అవ్వల పనికి సాక్ష్యమేది? వారి నోట వినిన మాటలే కదా! కావున ఇంట వృద్ధురాలున్నయెడల, నేడే ఆమెచెంత కూర్చుండి, "నాయనమ్మా, మొట్టమొదట ఎవరిమాట కాదని యే పని చేసితివి?" అని యడుగుడు.