చీరకు ఇంత, పీరియడుకు ఇంత

మా పోచంపల్లిలో కూలి చీర మీద కడతారు. మగ్గం దిగిన చీరలు లెక్కపెట్టి, చీరకు ఇంత అని ఇస్తారు. ఆ చీర మగ్గం ఎక్కేలోపు ఇంట్లో ఎంత పని జరిగిందో ఆ లెక్కలో విడిగా కనపడదు. ఆసు పోయాలి, చిటికి కట్టాలి, రంగు అద్దాలి, కండెలు చుట్టాలి, అచ్చు అతకాలి. ఒక్క చీరకు ఆసు పోయాలంటే చెయ్యి వేల సార్లు అటూ ఇటూ తిరగాలి. తల్లి భుజం నొప్పి చూడలేకనే కదా, ఆలేరు వైపు చింతకింది మల్లేశం గారు ఆసు యంత్రం తయారుచేసింది! దానికే 2017లో పద్మశ్రీ కూడా వచ్చింది. అయినా ఇప్పటికీ చాలా ఇళ్లల్లో "నేసేది ఆయన, ఆమె జర సాయం చేస్తది" అనే మాటే వినిపిస్తుంది.

ఈ మధ్య మా చెల్లె ఉద్యోగం గురించి ఆలోచిస్తుంటే నాకు ఈ చీర లెక్కే గుర్తుకొస్తోంది. చెల్లె ఒక డిగ్రీ కాలేజీలో గెస్ట్ లెక్చరర్. పీజీ అయింది, నెట్ అయింది, పీహెచ్‌డీ కూడా అయింది. జీతం మాత్రం పీరియడుకు ఇంత అని. దసరా సెలవులకు లేదు, పరీక్షల రోజులకు లేదు, ఎండాకాలం అసలే లేదు. వాళ్ల అత్తమ్మ ఒకసారి నా ముందే అడిగింది. "దినానికి మూడు క్లాసులేనాయె, మరి పొద్దుగూకే దాకా అక్కడ ఏం పని బిడ్డా?" ఆమె మనసు మంచిదే. జీతం కాగితం మీద ఏముందో అదే అడిగింది.

జూన్‌లో మళ్లీ ఆర్డరు తీసుకోవాలా, మానేసి ప్రైవేటు స్కూల్లో చేరాలా అని చెల్లె ఊగిసలాడుతోంది. "అక్కా, నువ్వే చెప్పు" అంది. నేను ఇంట్లో ఉండేదాన్నే, కానీ చదివిన కాగితం అర్థం చేసుకోగలను. ఇద్దరం కూర్చుని యూజీసీ 2018 నిబంధనలు చదివాం.

అందులో పూర్తికాలపు అధ్యాపకుల పనిభారం స్పష్టంగా ఉంది. వారానికి 40 గంటలకు తగ్గకూడదు. ఏడాదిలో 30 వారాలు, అంటే 180 బోధన రోజులు. రోజుకు కనీసం 5 గంటలు కాలేజీలో అందుబాటులో ఉండాలి. ఇక నేరుగా పాఠం చెప్పేది అసిస్టెంట్ ప్రొఫెసర్ అయితే వారానికి 16 గంటలు, అసోసియేట్ ప్రొఫెసర్, ప్రొఫెసర్ అయితే 14 గంటలు.

40లో 16 తీసేస్తే మిగిలేవి 24. ఈ 24 గంటలు సెలవు అనుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. కానీ నిబంధనే వాటిని పని అంటోంది. పాఠానికి సిద్ధం కావడం, పేపర్లు దిద్దడం, పరిశోధన, పిల్లల సందేహాలు అన్నీ అందులోనివే. పర్మనెంటు సారుకు జీతం మొత్తం 40 గంటలకు వస్తుంది. మా చెల్లెలాంటి వాళ్లకు క్లాసు గంటలకే వస్తుంది. మిగతా పని ఆగుతుందా? ఆసు పోయకుండా చీర వస్తుందా?

ఈ 16 అంకె ఎంత ముఖ్యమో 2016లో తెలిసింది. ఆ ఏడు మే నెలలో యూజీసీ అసిస్టెంట్ ప్రొఫెసర్లకు 16ను 18 చేసి, దాని మీద ట్యుటోరియళ్ల పేరుతో ఇంకో 6 గంటలు పెట్టింది. మొత్తం 24. ఢిల్లీలో అధ్యాపకులు పేపర్లు దిద్దడం ఆపేసి రోడ్డెక్కారు. చివరికి ప్రభుత్వం పాత గంటలకే వచ్చింది. గొడవ ఒళ్లు వంచడం గురించి కాదు. ఒక శాఖలో వారానికి 96 గంటల పాఠాలు ఉన్నాయనుకోండి. మనిషికి 16 అయితే ఆరుగురు కావాలి. 24 అయితే నలుగురు చాలు. ఆ ఇద్దరు ఎవరు పోతారు? మా చెల్లెలాంటి వాళ్లే.

గెస్ట్ ఫ్యాకల్టీకి 2019లో యూజీసీ లెక్చరుకు 1,500 రూపాయలు, నెలకు 50,000 మించకుండా అని చెప్పింది. అర్హతలు పర్మనెంటు వాళ్లకున్నవే కావాలి. పింఛను, గ్రాట్యుటీ, వాళ్లకుండే సెలవులు మాత్రం ఉండవు. చెల్లెకు వచ్చేది ఆ 1,500లో మూడో వంతు కూడా కాదు.

2025 ఆగస్టులో సుప్రీంకోర్టు గుజరాత్ ప్రభుత్వ ఇంజనీరింగ్ కాలేజీల కాంట్రాక్టు అధ్యాపకుల కేసులో తీర్పు ఇచ్చింది. రెగ్యులర్ వాళ్ల పనే చేస్తున్నవాళ్లకు అసిస్టెంట్ ప్రొఫెసర్ కనీస వేతన స్కేలు ఇవ్వాలంది. గురువులకు సరైన జీతం ఇవ్వకుండా సభల్లో గురుబ్రహ్మ శ్లోకం చదివితే సరిపోదని కూడా అంది. ఆ తీర్పు గంటల లెక్కన పనిచేసే మా చెల్లె దాకా ఎప్పుడు వస్తుందో గానీ, చదివినప్పుడు దాని ముఖం వెలిగింది.

తర్వాత నేను దానికి ఒక పని చెప్పాను. ఒక వారం పాటు నోట్‌బుక్కులో ప్రతి గంటా రాయమన్నాను. రాసింది. క్లాసులు 14 గంటలు. నోట్సు తయారీ 11. పేపర్లు దిద్దడం 5. ఇన్విజిలేషన్, మార్కుల ఎంట్రీ 4. న్యాక్ ఫైళ్లు 3. ఫీజు కట్టలేక చదువు మానేస్తానన్న పిల్లలతో కూర్చుని మాట్లాడింది 2. మొత్తం 39. డబ్బులు వచ్చేది 14కు.

ఆ నోట్‌బుక్కు ముందుగా వాళ్ల అత్తమ్మకే చూపించింది. ఆమెకు చదువు రాదు, చెల్లె ఒక్కో వరుసా చదివి వినిపించింది. ఆమె ముప్పై ఏళ్లు ఆసు పోసిన మనిషి. కాసేపు ఊరుకుని, "గీ పేపర్లు దిద్దుడు, ఫైళ్లు గూడ నువ్వే చెయ్యాలని ఆర్డర్ల రాసిన్రా?" అని అడిగింది. రాయలేదు. "రాయకుంటె ఎట్ల అడుగుతవ్? రాయమను" అంది. ఇన్ని నిబంధనలు చదివిన మా ఇద్దరికీ ఇంత సూటిగా తట్టలేదు.

చెల్లె ఈ ఏడాదికి చేరాలనుకుంటోంది. చేరేముందు ప్రిన్సిపాల్‌కు ఒక ఉత్తరం ఇస్తుంది. క్లాసులు కాక ఇంకేం పనులు చెయ్యాలో ఆర్డరులో రాయమని, ఇన్విజిలేషన్‌కు, దిద్దడానికి విడిగా చెల్లించమని. ఒప్పుకుంటారో లేదో తెలియదు. తోటి గెస్ట్ లెక్చరర్లు నలుగురు కూడా సంతకం పెడతామన్నారట.

మీ ఇంట్లోనూ ఇలాంటి ఉద్యోగం చేసే ఆడపిల్ల ఉంటే, "మూడు గంటల పనే కదా" అనేముందు ఒక వారం నోట్‌బుక్కు రాయించండి. ఆర్డరు మీద సంతకం పెట్టేముందు అందులో ఏ పని రాశారో, ఏ పని రాయలేదో కూడా చూడమనండి.