ఋషికుల్య ఒడ్డున దీపం ఆర్పిన రాత్రి

తాబేలు అనగానే, భయం వేస్తే తలను డిప్పలోకి ముడుచుకొనే చెరువు తాబేలే మనకు గుర్తుకొస్తుంది. సముద్ర తాబేలుకు ఆ రక్షణ లేదు. దాని తల, కాళ్ళు డిప్పలోకి పోవు. తెడ్లలాంటి కాళ్ళతో నీటిలో హాయిగా ఈదుతుంది గాని, ఇసుక మీద ఈడ్చుకుంటూ నడవవలసిందే.

విశాఖ నుంచి హౌరా వెళ్ళే రైలు ఒడిశాలో బరంపురం, ఛత్రపురం దాటాక ఋషికుల్య నది వస్తుంది. ఆ నది బంగాళాఖాతంలో కలిసేచోట జాలరి పల్లెలున్నాయి. ఒడిశా అయినా అక్కడ చాలా ఇళ్ళలో తెలుగే వినిపిస్తుంది. ఒక ఏప్రిల్ రాత్రి మా పిల్లలను తీసుకొని ఆ తీరానికి వెళ్ళాము. చీకట్లో దారి కనబడక టార్చిలైటు తీశాను. వెంట వచ్చిన పెద్దాయన నా చెయ్యి పట్టుకున్నాడు. "వద్దు బాబూ, పిల్లలకు దారి తప్పిపోద్ది" అన్నాడు. మా పిల్లల గురించేమో అనుకున్నాను. ఆయన అన్నది తాబేలు పిల్లల గురించి!

ఈ తాబేళ్ళను ఆలివ్ రిడ్లీ అంటారు. బరువు 35 నుంచి 50 కిలోల వరకు ఉంటుంది. సాధారణంగా ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఇవి వేలూ లక్షలుగా ఒక్కసారి ఒడ్డుకు వస్తాయి. 2025లో ఇక్కడ దాదాపు 7 లక్షల తాబేళ్ళు గుడ్లు పెట్టాయి. కొన్ని సంవత్సరాలు ఆ గుంపులు అసలు రావు. తల్లి వెనుక కాళ్ళతో గొయ్యి తవ్వి, వంద గుడ్లకు పైగా పెట్టి, ఇసుక కప్పి వెళ్ళిపోతుంది. అప్పుడు దాని కళ్ళ నుంచి నీరు కారుతుంది. అది దుఃఖం కాదు, ఒంట్లో ఎక్కువైన ఉప్పు బయటికి పోవడమే.

గుడ్లను పొదిగేది ఇసుక వేడిమి. వేడి ఎక్కువైతే ఆడపిల్లలు, తక్కువైతే మగపిల్లలు ఎక్కువగా పుడతాయి. సుమారు 50 రోజులకు పిల్లలు రాత్రివేళ పైకి వస్తాయి. దారి చూపే తల్లి ఉండదు. చీకట్లో సముద్రం వైపు ఆకాశం కాస్త వెలుగుగా ఉంటుంది, అదే వాటికి గుర్తు. వీధిదీపం కనబడితే అటే వెళ్ళి కుక్కల పాలో, కాకుల పాలో అవుతాయి.

పెద్దవాటికి మరో అపాయం ఉంది. తాబేలు ఊపిరి కోసం నీటిపైకి రావాలి. మరపడవల వలలో చిక్కితే ఊపిరాడక చనిపోతుంది. అందుకే ఈ నదీముఖం దగ్గర ఏటా నవంబరు 1 నుంచి మే 31 వరకు తీరం నుంచి 20 కిలోమీటర్ల లోపు చేపలవేట నిషేధం. ఏడు నెలలు! వలే జీవనాధారమైన ఇంటికి అదెంత కష్టమో చెప్పనక్కరలేదు. అయినా దారి తప్పిన పిల్లలను ఏరి నీటిలో వదిలేది ఆ పల్లెల యువకులే.

ఆ రాత్రి దీపం లేకుండానే కూర్చున్నాము. కాసేపటికి కళ్ళు చీకటికి అలవాటుపడ్డాయి. అరచేతిలో పట్టేంత పిల్లలు మా ముందు నుంచే నీటివైపు పాకిపోయాయి. మా చిన్నవాడు కాళ్ళు ముడుచుకొని, అవన్నీ వెళ్ళేదాకా కదలలేదు.

శ్రీకాకుళం నుంచి నెల్లూరు దాకా మన తీరానికీ ఈ తాబేళ్ళు వస్తాయి. సముద్రపుటొడ్డున మీ ఇల్లు ఉంటే, ఆ నెలల్లో రాత్రిపూట బయటి దీపం ఆర్పండి.