ఆగిపోయిన చక్రాలు

మీరెప్పుడైనా పరిగెత్తే రేసు కారుని ఫొటో తీశారా? నేను తీశాను. ఒక్క పొద్దున్నే రెండొందల పైచిలుకు తీశాను. మధ్యాహ్నం గడ్డిలో కూలబడి కెమెరా వెనక చూసుకుంటే, ఒక్కో ఫొటో అద్దంలా ఉంది. నంబర్లు, రేకు మీద మరలు, డ్రైవర్ కళ్ళజోడు... అన్నీ కనిపిస్తున్నాయి. ఒకటే లోపం. అన్ని కార్లూ ఎవరో తెచ్చి రోడ్డు మీద పార్క్ చేసినట్టున్నాయి!

2024 సెప్టెంబర్లో ఇంగ్లండ్‌లో జరిగిన గుడ్‌వుడ్ రివైవల్ సంగతి ఇది. నేనప్పుడు ఆన్‌సైట్‌లో ఉన్నాను. మా టీమ్‌లో రిటైర్మెంట్‌కి దగ్గరపడ్డ ఒక పెద్దాయన దగ్గర టికెట్ మిగిలిపోయింది. "ఆ కెమెరాతో బాతుల్ని తీసింది చాలు, నాతో రా" అన్నాడు. సెకండ్ హ్యాండ్‌లో కొన్న బాడీ, 70-300 లెన్సు సంచీలో వేసుకుని, లండన్ విక్టోరియాలో చిచెస్టర్ రైలెక్కాం.

తెలియని వాళ్ళకోసం కాస్త చెప్తాను. రెండో ప్రపంచ యుద్ధంలో అక్కడ యుద్ధవిమానాల స్థావరం ఉండేది. యుద్ధమయ్యాక ఆ విమానాశ్రయం చుట్టూ ఉన్న రోడ్డునే రేస్ ట్రాక్ చేశారు. దాదాపు 3.8 కిలోమీటర్లు. 1948 నుంచి 1966 దాకా రేసులు నడిచి ఆగిపోయాయి. మళ్ళీ 1998లో మొదలెట్టారు, కానీ ఒక షరతు మీద. పరిగెత్తే కార్లన్నీ ఆ పాత కాలానివే అయ్యుండాలి. చూడ్డానికొచ్చే జనం కూడా చాలామంది అప్పటి బట్టల్లోనే వస్తారు. నాకు తెలిసిన 1960ల ఫ్యాషనంతా అక్కినేని సినిమాల్లోదే కాబట్టి, టై కట్టుకుని, తల నున్నగా దువ్వుకుని వెళ్ళాను. ఎవరూ నవ్వలేదు :)

ఇక ఫొటోల సంగతి. పొద్దున నేను షట్టర్ స్పీడ్ 1/2000 పెట్టాను. వేగంగా పోయేదానికి వేగంగా నొక్కాలని నా లాజిక్. లెక్క చూడండి. గంటకి 120 కిలోమీటర్లంటే సెకనుకి 33 మీటర్లు. సెకనులో రెండు వేలో వంతులో కారు కదిలేది 1.7 సెంటీమీటర్లే. చక్రం ఊచలు కూడా విడివిడిగా కనిపిస్తాయి. ఇంకేముంది, పార్కింగే! అదే 1/60 పెడితే కారు అర మీటరు పైన కదుల్తుంది. ఆ అర మీటరూ కెమెరాని కారుతో పాటే తిప్పగలిగితే కారు నిలబడుతుంది, వెనక చెట్లూ జనమూ గీతలైపోతారు, చక్రాలు తిరుగుతాయి. దీన్నే పానింగ్ అంటారు.

చెప్పడం తేలికే. కాళ్ళు కదలకూడదు, నడుము మాత్రం తిరగాలి. కారు ఎక్కడో ఉండగానే పట్టుకోవాలి, నొక్కాక కూడా తిప్పుతూనే ఉండాలి. నొక్కగానే ఆగామా, అయిపోయింది. తక్కువ షట్టర్ స్పీడ్‌కి వెలుగు ఎక్కువైపోతుంది కాబట్టి అపెర్చర్‌ని ఎఫ్ 16 దాకా మూయాలి. అప్పుడు సెన్సార్ మీదున్న దుమ్మంతా ఆకాశంలో చుక్కలై తేలుతుంది. మధ్యాహ్నం నుంచి నేను తీసిన 340 ఫొటోల్లో పనికొచ్చినవి ఏడు. ఈ లెక్కన కోడ్ రాస్తే ఉద్యోగం ఉండదు.

ఆ ఏడింట్లో నాలుగు సెయింట్ మేరీస్ అనే మలుపు దగ్గరవి. 1962 ఏప్రిల్ 23న స్టిర్లింగ్ మాస్ కారు అక్కడే రోడ్డు దాటి మట్టిగట్టుకి గుద్దుకుంది. నెల రోజులు కోమాలో ఉన్నాడు. ఆయన పెద్ద రేసుల జీవితం ఆ రోజుతో ముగిసింది. అదే మలుపులో ఇప్పుడు ఈ-టైప్ జాగ్వార్లూ ఏసీ కోబ్రాలూ పక్కకి జారుతూ, ఒకదాన్నొకటి రాసుకుంటూ పోతున్నాయి. నాకు ప్రాణం ఉసూరుమంది. ఈ కాలపు కార్ల ధరలు తెలుసా? 36 మాత్రమే చేసిన ఫెరారీ 250 జీటీఓల్లో 1962 నాటి ఒకటి 2018 వేలంలో 4.84 కోట్ల డాలర్లు పలికింది. 1962, 63ల్లో ఈ ట్రాక్ మీదే టూరిస్ట్ ట్రోఫీలు గెలిచింది అలాంటి కార్లే. వాటి సాటివాటిని ఇలా గుద్దిస్తారా? మ్యూజియంలో పెట్టుకోరా?

సాయంత్రం ప్యాడక్‌లో ఒక మెకానిక్, ముందు రేకు సొట్టపడ్డ జాగ్వార్ కింద నూనె ట్రే పెడుతున్నాడు. ఉండబట్టలేక ఇదే అడిగాను. అతను తలెత్తకుండానే, "సొట్ట వారంలో పోతుంది. ఐదేళ్ళు కదలకుండా ఉంచిన ఇంజిన్ని బాగుచెయ్యడమే నాకు పెద్ద పని" అన్నాడు. సీళ్ళు ఎండి పగుళ్ళిస్తాయి, పెట్రోలు జిగురై కార్బురేటర్‌లో గడ్డకడుతుంది, సిలిండర్ లోపల తుప్పు పడుతుంది, బరువంతా ఒకేచోట పడి టైర్లు చదునవుతాయి. ఆపిన బండి భద్రంగా ఉందనుకుంటాం గానీ, అది నెమ్మదిగా చస్తూ ఉంటుంది.

ఇది మనకి తెలియని సంగతా? రోజూ నడిచే ఇరవై ఏళ్ళ నాటి సిస్టమ్‌ని ఎవడో ఒకడు తిట్టుకుంటూనైనా మేనేజ్ చేస్తుంటాడు. అదే, ఆర్కైవ్‌లో భద్రంగా దాచిన కోడ్‌ని మూడేళ్ళ తర్వాత బిల్డ్ చేసి చూడండి! మొదట రాసినవాళ్ళ లైను ఒక్కటీ మిగలకపోయినా నడుస్తున్నదే అసలుది. ఆ కార్లూ అంతే. 2024లో అక్కడి రేసులన్నీ కనీసం 70 శాతం సస్టైనబుల్ ఇంధనంతోనే నడిచాయి. పెట్రోలు మారినా పరుగు ఆగకూడదని వాళ్ళ పట్టుదల.

మెకానిక్ మాట విన్నాక తిరుగు రైల్లో నాకు గుర్తొచ్చింది జాగ్వార్ కాదు, మా నాన్న చేతక్.

నాన్న దాన్ని 1994లో కొన్నాడు. నేను ముందు నిలబడి, హ్యాండిల్ మధ్యలోంచి రోడ్డు చూస్తూ స్కూలుకి వెళ్ళేవాణ్ణి. చలికాలం పొద్దున అది ఒక పట్టాన స్టార్టయ్యేది కాదు. నాన్న దాన్ని ఓ పక్కకి వంచి, నిలబెట్టి, కిక్ కొట్టేవాడు. 2019లో మొదటి జీతాలు దాచి నేనాయనకి కొత్త బండి కొన్నాను. "చేతక్ అమ్మేస్తాన్రా" అంటే నేనే వద్దన్నాను. "జ్ఞాపకం నాన్నా, తోలకు, పాడవుతుంది. కవర్ కప్పి ఉంచు" అన్నాను. ఆయన అలాగే చేశాడు. మూడేళ్ళ తర్వాత కవర్ తీస్తే కిక్ కిందికి దిగలేదు. ఇంజిన్ పట్టేసింది. చివరికి పాత సామాన్ల బండివాడు రెండువేల ఐదొందలకి తూకమేసుకుపోయాడు.

జ్ఞాపకాన్ని దాచబోయి దాన్ని చంపింది నేనే.

దాని ఫొటో ఒక్కటే ఉంది. దసరాకి కడిగి, బొట్టుపెట్టి, బంతిపూల దండ వేసి, స్టాండు వేసి తీసింది. చక్కగా, పదునుగా, కదలకుండా ఉంది. నాన్న దాని మీద వెళ్తున్న ఫొటో ఒక్కటీ లేదు.

2025 సంక్రాంతికి ఇంటికి వెళ్ళినప్పుడు నాన్నని కొత్త బండి మీద కాలవగట్టున అటూ ఇటూ పదిసార్లు తిప్పాను. ఆయన నెమ్మదిగా తోల్తాడు కాబట్టి 1/30 సరిపోయింది. ఒక్కటి కుదిరింది. లాప్‌టాప్‌లో చూపిస్తే కళ్ళజోడు సవరించుకుని, "చక్రాలు సరిగ్గా రాలేదేంట్రా?" అన్నాడు.

"అవి అలాగే రావాలి నాన్నా" అన్నాను.

మీ ఇంట్లో కూడా కవర్ కింద ఏదైనా బండి ఉంటే, ఈ ఆదివారం ఒక్కసారి కిక్ కొట్టి చూడండి.