ముల్లు నలభై దాటిన ఆదివారం

మా ఇంట్లో వసారా పక్కన ఒక చిన్న గది ఉంది. అవ్వ దాన్ని "మీ తాత గుడి" అంటుంది. చెప్పులు విడిచి లోపలికి పోవాలి. పొడిగుడ్డతో చేతులు తుడుచుకోవాలి. అయితే ఆ గదిలో దేవుడి పటాలేమీ లేవు. బల్ల మీద బూడిదరంగు ఇనుప పెట్టె ఒకటి ఉంటుంది. దాని ముందుభాగంలో ఏడు నాబులు వరసగా ఉంటాయి. దాని పేరు వోల్టేజి కాలిబ్రేటరు.

మామూలు మీటరు వోల్టేజిని కొలుస్తుంది. కాలిబ్రేటరు కొలవదు, ఇస్తుంది. నాబులు తిప్పి పది వోల్టులకు పెడితే పది వోల్టులే ఇవ్వాలి. దానికి తగిలించిన మీటరు 9.98 చూపిస్తే మీటరు తప్పని తెలుస్తుంది. సంతలో తక్కెడను పరీక్షించడానికి ముద్ర వేసిన తూకంరాయి ఎట్లాగో, మీటర్లను పరీక్షించడానికి ఇది అట్లాగ.

మా తాత ఇదే హోసూరులో తెలుగు మీడియంలో చదువుకొని, బెంగళూరులో ఒక కర్మాగారంలో మీటర్లు సరిచేసే పనిలో చేరాడు. రిటైరైన తరువాత కూడా ఆయన చేతులు ఊరికే ఉండలేదు. నేను నాలుగో తరగతిలో ఉన్నప్పుడు గుజిరీ అంగడిలో ఈ పెట్టె కనిపించింది. 1960లలో అమెరికాలో తయారైనది. అంగడాయన దాన్ని ఇనుము లెక్కన తూచి ఇచ్చాడు. ఇద్దరు పట్టుకుంటే గానీ ఆటోలోకి ఎక్కలేదు. "ఇంట్లో ఉన్న ఇనుము చాలలేదా?" అని అవ్వ అడిగింది. తాత నవ్వి ఊరుకున్నాడు.

దాన్ని బాగు చేయడానికి రెండేళ్లు పట్టింది. తాత మొదట దానికి కరెంటు పెట్టనే లేదు. అమెరికాలో ఇళ్లకు వచ్చేది సుమారు 120 వోల్టులు, మనకు వచ్చేది 230. వెనక ట్రాన్స్‌ఫార్మరు తీగలను మన కరెంటుకు తగినట్టు మార్చి కలిపాడు. రెండు పుల్లల పాత ప్లగ్గు తీసేసి ఎర్తు తీగ ఉన్న మూడు పుల్లల ప్లగ్గు పెట్టాడు. ఆ పెట్టె వెయ్యి వోల్టులకు పైగా ఇవ్వగలదు. ఆపేసిన తరువాత కూడా కెపాసిటర్లలో ప్రాణం తీసేంత కరెంటు మిగిలి ఉంటుంది. అందుకని తాత ముందు వాటిని ఒక రెసిస్టరుతో ఖాళీ చేసి, మీటరు పెట్టి చూసి, ఆ తరువాతే చెయ్యి పెడతాడు. అప్పుడు కూడా ఒక చెయ్యి వీపు వెనకే. నేను మూత తెరిచి ఉన్నప్పుడు బల్లకు ఒక గజం దూరంలో నిలబడాలి. అది మా మొదటి నియమం.

లోపలి ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లు ఎండిపోయాయి. వాటిలో తడి రసాయనం ఉంటుంది. ఏళ్లు గడిచేకొద్దీ అది ఆరిపోతుంది. అప్పుడు అవి కరెంటును నున్నగా చేయలేవు, వోల్టేజిలో అలలు మిగిలిపోతాయి. తాతా, నేనూ అత్తిబెలె మీదుగా బస్సులో బెంగళూరు పోయి, ఎస్పీ రోడ్డులో ఎక్కువ వేడికి తట్టుకునే కొత్త కెపాసిటర్లు తెచ్చాం. నాబుల లోపలి వెండి ముట్లు నల్లబడి ఉన్నాయి. గరుకు కాగితంతో రుద్దుదామా అని అడిగాను. "వద్దు పాపా. నలుపుతో పాటు వెండీ పోతుంది" అన్నాడు. ఐసోప్రొపైల్ ఆల్కహాలులో తడిపిన దూదిపుల్లతో ఒక్కొక్క ముట్టును తుడవడం నా పని. వేలిముద్ర కూడా పడకూడదు. చేతి జిడ్డు, చెమట ఉప్పు సన్నటి తోవలా మారి కరెంటును పక్కకు పోనిస్తాయి.

అసలు సమస్య పెట్టె గుండెకాయలో ఉండింది. అన్ని వోల్టేజిలూ ఒక జీనర్ భాగం ఇచ్చే చిన్న వోల్టేజి నుంచే పుడతాయి. వేడి మారితే అదీ మారుతుంది. అందుకని దాన్ని ఎప్పుడూ ఒకే వేడిలో ఉంచే చిన్న ఓవెను ఉంటుంది. మా పెట్టెలో ఆ ఓవెను చెడిపోయింది. తాత ఒక కొత్త రకం జీనర్ తెప్పించాడు. అది వేలి గోరంత ఉంటుంది, కానీ దానిలోనే హీటరు ఉంటుంది. తనను తాను సుమారు 90 డిగ్రీల వేడిలో ఉంచుకుంటూ ఏడు వోల్టులు ఇస్తుంది. తాత దాన్ని సోల్డరు చేస్తుంటే నేను లైటు పట్టుకున్నాను. అప్పటికే ఆయన చేతులు కొంచెం వణుకుతున్నాయి. ఊపిరి బిగబట్టి ఒక్కొక్క కాలు అతికించాడు. అయిపోయాక నుదుటి చెమట తుడుచుకుని, "ఇదే నా కడపటి మంచి పని ఏమో" అన్నాడు. అది నాకు బాగా గుర్తుంది.

బాగు చేస్తే పని అయిపోయినట్టు కాదని నాకు అప్పుడే తెలిసింది. కొత్త జీనర్ మొదటి నెలల్లో ఎక్కువ జరుగుతుంది, తరువాత నెమ్మదిస్తుంది. ఎంత జరుగుతుందో తెలియాలంటే దానికంటే నమ్మకమైన దానితో పోల్చాలి. తాత దగ్గర పది వోల్టులు మాత్రమే ఇచ్చే చిన్న డబ్బా ఒకటి ఉంది. దానికి సొంత బ్యాటరీ ఉంది. ఏడాదికి ఒకసారి అది బెంగళూరులో ఒక ప్రయోగశాలకు పోయి, అసలు విలువ రాసిన కాగితంతో తిరిగి వస్తుంది. ఆ ప్రయోగశాలవాళ్లు తమ దానిని ఇంకా పైదానితో పోల్చుకుంటారు. ఆ గొలుసు ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాల దాకా పోతుంది.

గొలుసు చివర ఏముంది అని అడిగాను. తాత చెప్పాడు. ఒకప్పుడు వోల్టుకు ఆధారం గాజు గొట్టాల్లో ఉండేది. 1893లో ఎడ్వర్డ్ వెస్టన్ కనిపెట్టిన సెల్లు అది. పాదరసం, కాడ్మియం వేసి చేస్తారు. సుమారు 1.018 వోల్టులు ఇస్తుంది. తాత ఉద్యోగంలో చేరిన కొత్తలో వాటిని పసిబిడ్డల్లా చూసుకునేవాడట. కదిలించినా, వేడి మారినా అలిగేవి. 1962లో బ్రయాన్ జోసెఫ్సన్ అనే ఇరవై రెండేళ్ల పరిశోధక విద్యార్థి ఒక లెక్క వేశాడు. బాగా చల్లబరిచిన రెండు అతివాహకాల మధ్య చాలా పలచటి పొర ఉంచి మైక్రోవేవ్ తరంగాలు పంపితే, వచ్చే వోల్టేజి ఆ తరంగాల వేగసంఖ్య మీద, ప్రకృతిలో ఎప్పుడూ మారని రెండు విలువల మీద మాత్రమే ఆధారపడుతుంది. దానికి 1973లో నోబెల్ బహుమతి వచ్చింది. 1990 జనవరి 1 నుంచి ప్రపంచమంతా వోల్టును ఆ పద్ధతిలోనే పోల్చుకుంటున్నారు. మా వసారా పక్క గదికి, దానికి సంబంధం ఉందంటే నాకు ఒళ్లు పులకరించింది.

మా పోలిక ఇట్లా జరుగుతుంది. డబ్బాకూ, కాలిబ్రేటరుకూ మధ్య నల్ మీటరు అనే ముల్లు మీటరు పెడతాం. రెండూ సమానమైతే ముల్లు నడిమధ్య సున్నా మీద నిలుస్తుంది. తేడా ఉంటే కుడికో ఎడమకో పోయి ఎన్ని మైక్రోవోల్టులో చూపిస్తుంది. పది వోల్టుల్లో పది మైక్రోవోల్టులంటే పది లక్షల్లో ఒక వంతు. హోసూరు నుంచి బెంగళూరుకు సుమారు 40 కిలోమీటర్లు. అంత దూరంలో నాలుగు సెంటీమీటర్లు తప్పినట్టు లెక్క.

ప్రతి ఆదివారం పొద్దున ఏడు గంటలకు ముల్లు చూసి తాత నోటుబుక్కులో రాస్తాడు. తేదీ, గది వేడి, ముల్లు, మాట అని నాలుగు వరసలు. అన్నీ తెలుగులోనే. "మాట" అనే వరసలో ఆ వారం ఏం జరిగిందో రాస్తాడు. మూడేళ్ల పాటు ఒక్క ఆదివారం తప్పలేదు. చుట్టుపక్కల చిన్న వర్క్‌షాపులవాళ్లు మీటర్లు తెచ్చి తాత దగ్గర చూపించుకుంటారు. ఆ నోటుబుక్కు ఉండబట్టే తాత వాళ్లకు ధైర్యంగా చెప్పగలుగుతున్నాడు.

ఈ ఏడాది ఆ వారం గాలివాన వచ్చింది. ఒకటిన్నర రోజు కరెంటు లేదు. ఇన్వర్టరు మూడు గంటలకే చేతులెత్తేసింది. ఆదివారం పొద్దున తాత కంటి శుక్లం చూపించుకోవడానికి నాయనతో ఆసుపత్రికి పోవాల్సి వచ్చింది. "ఏడు గంటలకు చూసి రాసిపెట్టు పాపా" అని నోటుబుక్కు నా చేతికిచ్చాడు. మొదటిసారి.

అంతకు ముందు ఆదివారం ముల్లు 31 మీద ఉండింది. ఆ రోజు చూస్తే 40 దాటిపోయింది. నాకు గుండె ఝల్లుమంది. తాత వచ్చి చూస్తే బాధపడతాడే అనిపించింది. ముందుభాగంలో చిన్న రంధ్రం, లోపల సరిచేసే మర. తాత ఒకసారి తిప్పగా చూసి ఉన్నాను. సన్న స్క్రూడ్రైవరు పెట్టి మెల్లగా తిప్పాను. ముల్లు వచ్చి సున్నా మీద నిలిచింది. ఎంత ముచ్చటగా ఉందో! నోటుబుక్కులో "0" అని గుండ్రంగా రాశాను. "మాట" దగ్గర ఏమీ రాయలేదు.

సాయంత్రం తాత నోటుబుక్కు చూసి మెచ్చుకుంటాడనుకున్నాను. ఆయన మాట్లాడలేదు. మూడేళ్లు నెమ్మదిగా పైకి పోయిన గీత ఒక్క వారంలో 31 నుంచి సున్నాకు పడింది. కాలిబ్రేటరు చెడిందని అనుకున్నాడు. మరునాడు మూత తెరిచాడు. కెపాసిటర్లు కొలిచాడు, నాబులు తుడిచాడు. మసక కళ్లతో, భూతద్దంతో ఒక్కొక్క అతుకూ చూశాడు. నాకు చెప్పాలనే ఉంది. చెబితే ఇంకెప్పుడూ ఆ గదిలోకి రానివ్వడేమోనని భయం. అట్లా పది రోజులు గడిచాయి.

పదకొండో రోజు రాత్రి అవ్వతో అంటుంటే విన్నాను. "జీనర్ అతికించింది నేనే కదా. నా చెయ్యి వణికింది. అతుకు చెడిందేమో. ఇంక ఈ చేతులకు ఈ పని వద్దు. గుజిరీ ఆయన్ను పిలుస్తా."

నాకు అన్నం దిగలేదు. పోయి తాత ముందు నిలబడి, "మర తిప్పింది నేను. నీ అతుకు మంచిదే తాతా" అని ఏడ్చేశాను.

తాత చాలాసేపు గమ్మునున్నాడు. తరువాత, "తిప్పక ముందు ముల్లు ఎంత ఉండె?" అని అడిగాడు. అంతే. తిట్టలేదు. కానీ ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. 43 అనిపించింది, 47 కూడా అనిపించింది. 43 అంటే తాత సంతోషిస్తాడు, మూడేళ్ల గీత మళ్లీ అతుక్కుంటుంది. నాలుక కొస దాకా వచ్చింది. మింగేసి, "సరిగ్గా గుర్తులేదు తాతా. నలభై దాటింది, యాభై కాలేదు. అంతవరకే తెలుసు" అన్నాను.

తాత నోటుబుక్కు తెరిచి, నా గుండ్రటి సున్నాను కొట్టేయకుండా, దాని పక్కన ఎర్ర సిరాతో రాశాడు: "మర తిప్పడమైంది. తిప్పక ముందు 40కి, 50కి మధ్య. తిప్పిన తరువాత 0."

"తిప్పడం తప్పు కాదు పాపా. ఏ మీటరు వచ్చినా మేము రెండు అంకెలు రాస్తాం. వచ్చినప్పుడు ఎంత ఉండె, పంపేటప్పుడు ఎంత ఉండె. మొదటిది రాయకపోతే రెండోదానికి విలువ లేదు. తప్పు చూపే మీటరుతో పని చేసుకోవచ్చు. ఎంత తప్పు చూపుతుందో తెలియని దానితోనే ప్రమాదం" అన్నాడు.

ఆ రాత్రే ఆయనకు ఇంకో సంగతి తట్టింది. 31 నుంచి ఒక్క వారంలో 40 దాటడమెందుకు? ఆ వారం కరెంటు పోయింది కదా! జీనర్ పూర్తిగా చల్లబడి మళ్లీ వేడెక్కింది. దానికే విలువ దూకిందేమో. కావాలనే పెట్టెను ఒకటిన్నర రోజు ఆపి, మళ్లీ పెట్టి, వేడెక్కే దాకా ఆగి చూశాం. ముల్లు 11 మైక్రోవోల్టులు దూకింది! నేను చెరిపేసినది చెడు కాదు, ఒక కబురు. ఇప్పుడు ఆ పెట్టెకు విడిగా పెద్ద బ్యాటరీ ఉంది.

తాత కంటికి ఆపరేషను అయింది. డాక్టరు కొన్నాళ్లు కన్నుకు శ్రమ వద్దన్నారు. అందుకని ఆదివారాలు ముల్లు నేనే చూస్తున్నాను. తాత పక్కన కుర్చీలో కూర్చుంటాడు. మొన్న ఆదివారం కూడా అడిగాడు.

"ఎంత పాపా?"

"పన్నెండు తాతా."

"ఉండేదే చెప్తివా, ఉండాల్సింది చెప్తివా?"

"ఉండేదే."

"అయితే రాయి" అన్నాడు.

— 9వ తరగతి విద్యార్థిని, హోసూరు