బెదరింపు కేకయు, మరుగుపడు ప్రశ్నయు

ఇంట కలత పెరిగినప్పుడు ఏలికల చూపు సరిహద్దు వైపు మరలునను మాట లోకమున చాల కాలముగా నున్నది. ధరలు మండుచుండును, చదువుకొన్న పిల్లలు పనిలేక ఇంట కూర్చుండి యుందురు. అట్టి సమయమున ఎవరో యొక నాయకుడు వేదిక నెక్కి పొరుగుదేశముపై కన్నెఱ్ఱ చేయును. మరునాటినుండి బియ్యము ధర మాట యెత్తినవాడు దేశాభిమానము లేనివాడగును. ఏ దేశపు చరిత్ర తిరుగవేసినను ఇట్టి ఘట్టము ఒకటైన కానవచ్చును.

మొన్న మా యింట ఈ ప్రసంగమే వచ్చినది. వార్తలు వినుచు వినుచు మా చెల్లెలి కోడలు, "పెద్దత్తయ్యా, వీళ్లు యుద్ధం యుద్ధం అని అరిచేది నిజంగా యుద్ధానికేనంటారా, మన కళ్లు కప్పడానికా?" అని యడిగినది. నేను నోరు విప్పకముందే మా మరిది, "అంతా నాటకమేనమ్మా, ఏ దేశంలోనైనా ఇదే" అని తేల్చివేసెను. ఆయనకు ప్రతి విషయమును ఒక్క వాక్యముతో ముగించి కాఫీ త్రాగుట అలవాటు. ఆ పిల్ల ప్రశ్న అంత సులభముగా ముగియునది కాదని నాకు తోచినది. ఊహలతో వాదించుటకంటె, జరిగి ముగిసిన యొక సంగతిని ఎదుట పెట్టుకొని చూచుట మేలని ఆమెకు అర్జెంటీనా కథ చెప్పితిని. చదువరులకును అదియే చెప్పుచున్నాను.

1976 మార్చి నెలలో ఆ దేశమున సైనికాధికారులు ప్రభుత్వమును చేజిక్కించుకొనిరి. ఎదురు మాటాడినవారిని రాత్రివేళల ఇండ్లనుండి ఎత్తుకొనిపోయిరి. వారేమైరో చెప్పు నాథుడు లేడు. పిమ్మట 1984లో ప్రభుత్వ విచారణ సంఘము అట్లు మాయమైనవారిలో దాదాపు 9,000 మంది వివరములు సేకరించినది. మానవహక్కుల సంఘములు ఆ సంఖ్య 30,000 అని చెప్పుచు వచ్చినవి. 1981 నాటికి ధరలు ఒక్క యేడాదిలో రెట్టింపైనవి, కర్మాగారములు మూతపడినవి. ఆ యేడు డిసెంబరులో గాల్టియేరి యను సేనాని అధ్యక్షుడయ్యెను. 1982 మార్చి 30వ తేదీన కార్మిక సంఘములవారు శాంతి, తిండి, పని కావలెనని రాజధానియైన బ్యూనస్ ఎయిర్స్ వీథులలోనికి వచ్చిరి. రక్షకభటులు వారిని లాఠీలతోను బాష్పవాయువుతోను చెదరగొట్టి పెక్కుమందిని చెరపట్టిరి.

మూడు దినములు గడచినవి. ఏప్రిల్ 2వ తేదీ తెల్లవారుజామున అర్జెంటీనా సేనలు ఫాక్‌లాండ్ దీవులలో దిగినవి. వానినే ఆ దేశీయులు మాల్వినాస్ అందురు. ఆనాడు ప్లాజా డి మాయో యను నగర మధ్యపు కూడలి మరల జనముతో నిండినది. మొన్న లాఠీదెబ్బలు తిన్నవారిలో కొందరు నేడు జెండాలు పట్టుకొని జయజయధ్వానములు చేసిరి. గాల్టియేరి గులాబివన్నె రాజభవనపు వసారాలోనికి వచ్చి చేతులెత్తి నమస్కారము లందుకొనెను.

ఇంతవరకు విని మా మరిది, "నే చెప్పలా వదినా!" అనెను. కాని తేదీలను కొంచెము ఓపికతో చూడవలెను. దీవులపై దిగవలెనని సేనాధిపతులు మార్చి 26వ తేదీననే నిశ్చయించిరి. కార్మికుల ఊరేగింపు దాని తరువాతిది. నౌకాసేన వారు అంతకు మూడు నెలల ముందునుండి పన్నాగము రచించుచుండిరి. పైగా ఆ దీవుల తగవు వారు కల్పించినది కాదు. 1833లో ఆంగ్లేయులు వానిని స్వాధీనపరచుకొన్నది మొదలు అవి తమవేయని అర్జెంటీనా బాలురు బడిలో నేర్చుకొనుచునే యున్నారు. కావున ఊరేగింపును చూచి భయపడి యుద్ధమును సృష్టించిరనుట కథగా బాగుండును గాని చరిత్ర కాదు. నెలల తరబడి పెరుగుచున్న అసమ్మతి వారి కన్నుల యెదుటనే యున్నది. ప్రజల హృదయములో నూటయేబది యేండ్లుగా నున్న యొక గాయమును తాకినచో ఆ అసమ్మతి చల్లారునని వారెఱుగుదురు. దొంగ బాధతో జనమును మరపించుట కష్టము. నిజమైన బాధ నొకదానిని ఎత్తి చూపి, దాని చాటున మరియొక నిజమైన బాధను దాచుటయే ఈ విద్యలోని రహస్యము.

ఇంకొక విశేషము గలదు. మొదట వారి ఉద్దేశము దీవులను పట్టుకొని, కొద్దిపాటి సైన్యము నుంచి, ఆంగ్లేయులను మాటలకు కూర్చుండబెట్టుట. బ్రిటను అంత దూరమునుండి యుద్ధమునకు రాదని వారు నమ్మిరి. బెదరింపుతోనే పని తీరునని తలచిరి. కాని కూడలిలో ఆ జనసముద్రమును చూచిన పిమ్మట వెనుకకు తగ్గుట వారికి అసాధ్యమైనది. ఏప్రిల్ 10వ తేదీన అమెరికా మంత్రి రాయబారమునకు వచ్చియుండగా గాల్టియేరి మరల ఆ వసారాలోనే నిలిచి, వారు రాదలచినచో రానిండు, పోరుదుమని పలికెను. జనమును మరపించుటకు ఎక్కిన పులి ఇప్పుడాయనను దిగనీయదు. సముద్రమున కావల మార్గరెట్ థాచర్ ప్రభుత్వమునకును ఆ యేటి ముందు ప్రజాదరణ సన్నగిల్లియుండెను. యుద్ధమువలన ఆమెకు కలిగిన లాభ మెంత యనుటలో పండితులలో భేదాభిప్రాయములు గలవు. ఆర్థికస్థితి కొంత మెఱుగుపడుటచే అప్పటికే ఆమె పలుకుబడి పెరుగుట మొదలిడినదని కొందరి వాదము.

నన్ను అన్నిటికంటె కదలించినది ఆ మే నెలలో జరిగిన సంగతి. సైనికుల సహాయార్థము టెలివిజనులో ఒక రేయిబవళ్లు చందాల కార్యక్రమము నడపిరి. పేరుగల నటీమణులు మొదలు సామాన్య గృహిణులవరకు వచ్చి గొలుసులు, ఉంగరములు, గాజులు ఇచ్చిరి. వృద్ధులు ఉన్ని అంగీలు అల్లి పంపిరి. అందులో చాలభాగము చలికి వణకుచున్న ఆ పిల్లలకు చేరనేలేదు. వారిలో అనేకులు పందొమ్మిదేండ్లవారు, నిర్బంధ సైనికసేవకు వచ్చినవారు. కొందరు కోరియెంటెస్ వంటి ఉష్ణప్రాంతముల పల్లెలవారు. దక్షిణార్ధగోళపు శీతకాలమున తడిగుంటలలో ఆకలితో కూర్చుండిరి.

ఇది చదివినప్పుడు నాకు మా నాయనమ్మ జ్ఞప్తికి వచ్చినది. 1962లో చైనా సేనలు కొండలు దిగి వచ్చుచున్న దినములవి, నాకు పదేండ్లుండును. ఆమె తన చేతి బంగారు గాజులలో ఒక జత తీసి, కంటతడి పెట్టక, జాతీయ రక్షణ నిధికి ఇచ్చినది. అప్పటి ఆపద బూటకము కాదు. ఆమె యిచ్చినది తగిన దానికే. అయినను బ్యూనస్ ఎయిర్స్‌లో గొలుసు తీసియిచ్చిన ఆ యింటి యిల్లాలికిని మా నాయనమ్మకును మనసులో భేద మేమియు లేదు. భేదమంతయు పుచ్చుకొన్నవారిలో నున్నది. అందుచేతనే "జనం వట్టి గొఱ్ఱెలు" అని నవ్వువారితో నేను ఏకీభవింపజాలను.

మే 2వ తేదీన జనరల్ బెల్గ్రానో యను నౌక మునిగి 323 మంది మడిసిరి. జూన్ 14వ తేదీన అర్జెంటీనా సేన లొంగిపోయినది. ఆ దేశమువారు 649 మంది, బ్రిటిషువారు 255 మంది, దీవులలో కాపురమున్న స్త్రీలు ముగ్గురు చనిపోయిరి. కొలది దినములకే గాల్టియేరి పదవి పోయినది.

మా మరిదికి చెప్పవలసిన సంగతి వేరొకటి యున్నది. 1998 ఆగష్టులో అమెరికా అధ్యక్షుడు క్లింటన్ ఒక స్త్రీవిషయమైన అపకీర్తిలో చిక్కుకొని 17వ తేదీన న్యాయవిచారణలో సాక్ష్యమిచ్చెను. 20వ తేదీన ఆయన యాజ్ఞచే సూడాను, ఆఫ్గనిస్థానములపై క్షిపణులు పడినవి. నాయకుని తప్పు కప్పుటకు బూటకపు యుద్ధమును కల్పించు కథతో ఒక చలనచిత్రము అంతకు కొన్ని నెలల ముందే వచ్చియుండుటచే, ఇదియు అట్టిదేయని పలువురు నవ్విరి. ఖార్టూమ్‌లో కూలిన మందుల కర్మాగారము విషయమున ఆ యనుమానము నేటికిని తీరలేదు. కాని ఆగష్టు 7వ తేదీన నైరోబీ, దార్ ఎస్ సలామ్ నగరములలోని అమెరికా రాయబార కార్యాలయములు ప్రేలి 224 మంది చనిపోయినది నాటకము కాదు. ఆ పని చేసినవారే 2001 సెప్టెంబరులో న్యూయార్కున ఏమి చేసిరో లోకమెఱుగును. అంతయు నాటకమే యనువాడు తాను మోసపోలేదని సంతోషించును గాని, నిజమైన అపాయము వచ్చినప్పుడు గుర్తింపలేడు.

అట్లయిన ఇంట కూర్చున్న మనకు తెలియుటెట్లు? నాయకుని మనసులోనికి దూరి చూడ మనకు సాధ్యము కాదు. ఇది నాటకమా నిజమా యని తేల్చుకొనువరకు నోరు మూసికొని యుండనును పనిలేదు. ఈ మాట నాకు నేర్పినవారు ఆ నగరపు తల్లులే. 1977 ఏప్రిల్ 30వ తేదీ మొదలు, మాయమైన బిడ్డల తల్లులు తలకు తెల్లగుడ్డ చుట్టుకొని ప్లాజా డి మాయోలో చుట్టు తిరుగుచు, మా పిల్లలెక్కడ అని అడుగుచుండిరి. ఆ యేడు డిసెంబరులో వారిలో ముగ్గురిని ప్రభుత్వమువారే అపహరించి చంపిరి. తక్కినవారు మానలేదు. 1982లో కూడలి అంతయు జెండాలతో ఊగుచుండగా ఆ తల్లులకు కలిగిన యిరకాటము ఊహింపుడు: దీవులు మనవి కావన్నచో ద్రోహులగుదురు, మనవేయని కేక కలిపినచో బిడ్డల మాట మునిగిపోవును. వారు ఒక పలకపై వ్రాసికొని నిలిచిన మాట ఇది: మాల్వినాస్ అర్జెంటీనావి, మాయమైనవారును అర్జెంటీనావారే.

దేశాభిమానమును వారు కాదనలేదు, దానికి బదులుగా తమ ప్రశ్నను అప్పగింపనును లేదు. మా కోడలు ఈ మాట విని చాలసేపు మాటాడక, "అంటే బియ్యం ధర అడగటం మానకూడదన్నమాట" అనినది. అంతేకదా! సరిహద్దున నిజముగా శత్రువున్నను బియ్యము ధర బియ్యము ధరయే.

1983 అక్టోబరులో అర్జెంటీనాలో మరల ఎన్నికలు జరిగినవి. ఆ సేనాధిపతులే 1978లో బీగల్ జలసంధి దీవులకై చిలీపై దండెత్తుటకు సిద్ధమై, రోమునుండి పోపు మధ్యవర్తిత్వముచే ఆగియుండిరి. ఆ తగవు తీర్చు నొడంబడికపై 1984 నవంబరులో క్రొత్త ప్రభుత్వము ప్రజల అభిప్రాయ మడుగగా నూటికి ఎనుబది మందికి పైగా సమ్మతించిరి. రెండేండ్ల క్రిందట కూడలిలో కేకలు వేసినవారును ఆ యెనుబదిమందిలో నుండియుందురు.

ఫాక్‌లాండ్ దీవులలో డార్విన్ అను చోట అర్జెంటీనా సైనికుల శ్మశానము గలదు. నూటికి పైగా సమాధులపై పేరు లేకుండెను. దేవునికి మాత్రమే తెలిసిన సైనికుడని మాత్రము చెక్కియుండెను. 2017లో రెడ్‌క్రాస్ సంఘమువారు వానిని త్రవ్వి, బంధువుల రక్తముతో పోల్చి చూచి, చాలమందిని గుర్తించిరి. 2018 మార్చిలో ఆ కుటుంబములవారు విమానమెక్కి అచటికి వెళ్లిరి. ముప్పదియారేండ్ల పిమ్మట, వంగిపోయిన తల్లులు ఆ గాలిలో నిలుచుండి, క్రొత్తగా చెక్కిన పేర్లను వ్రేళ్లతో తడవి చూచుకొనిరి.