ఆ మూడు సెకన్లు ఎందుకు?

అప్పటికి ఉద్యోగంలో చేరి ఏడు నెలలు. మాదాపూర్‌లో ఆఫీసు. వాలెట్‌లోంచి పరీక్ష ఫీజులు కట్టించే యాప్ మాది. కోడ్‌లో ఒకచోట మూడు సెకన్లు ఆగమని రాసుంది. దానిపైన కామెంట్: 'మూడు సెకన్లు ఆగు'. అది కోడే చెబుతోంది కదా! చాయ్ గ్లాసు మీద 'చాయ్' అని రాసినట్టు.

యాప్ స్లో అని అందరూ తిడుతున్నారు. తీసేశా. టెస్టులన్నీ పాసయ్యాయి.

ఫీజుకి ఆఖరు రోజు. రాత్రి పదకొండుకి ఫోన్లు మొదలు. 41 మందికి డబ్బులు రెండుసార్లు కట్. ఒకమ్మాయి మెసేజ్ ఇప్పటికీ గుర్తే: 'అన్నా, అవి హాస్టల్ మెస్సుకి దాచుకున్న డబ్బులు.'

ఆ లైన్ రాసినాయన మానేసి ఏడాదైంది. నంబర్ పట్టుకుని ఫోన్ చేశా. వరంగల్‌లో ఏదో పెళ్లి బరాత్‌లో ఉన్నాడు. వెనక డీజే.

"అన్నా, ఆ మూడు సెకన్లు..."

"తీసినవా ఏంది?"

నేనేం మాట్లాడలేదు.

"పేమెంట్ పంపినంక అవతలి సర్వర్‌ల ఎక్కనీకి టైం పడ్తది తమ్మీ. ఎంటనే అడిగితే లేదంటది. మనది ఫెయిలయిందనుకొని మళ్ల పంపుతది. నాకూ గట్లనే అయింది. రాద్దామనుకున్న గానీ, ఆ రోజు రిలీజ్ ఉండె."

మా టెస్టుల్లో అవతలి సర్వర్ ఉత్తుత్తిదే. అది వెంటనే జవాబిస్తుంది. అందుకే దొరకలేదు.

పెద్దవాళ్లకీ ఇది తప్పలేదు. 1975 నాటి యూనిక్స్ ఆరో ఎడిషన్‌లో, ఇది మీకు అర్థమవుతుందని అనుకోవట్లేదు అనే అర్థంలో ఒక కామెంట్ ఉంటుంది. పరీక్షలో రాదులే అన్న ఉద్దేశంతో రాశామని తర్వాత డెనిస్ రిచీ చెప్పాడు. అసలు సంగతి, అక్కడేం జరుగుతోందో తమకీ సరిగా అర్థం కాలేదని కూడా ఒప్పుకున్నాడు. మాకైతే పరీక్ష ఫీజులోనే వచ్చిపడింది.

ఆ రాత్రే లైన్ తిరిగి పెట్టి, పైన రాశా: 'తీయొద్దు. వెంటనే అడిగితే పేమెంట్ లేదంటుంది, డబ్బు రెండుసార్లు పోతుంది. ప్రతి పేమెంట్‌కీ ఒకే నంబరిచ్చి, అది మళ్లీ వస్తే ఆపే ఏర్పాటు చేశాక తీయొచ్చు.' ఎప్పుడు తీయొచ్చో రాయడమే నాకు అన్నిటికన్నా ముఖ్యం అనిపించింది. లేకపోతే భయపడి ఎవరూ ముట్టుకోరు, ఆ మూడు సెకన్లు అక్కడే ముసలివైపోతాయి.

డబ్బులు నాలుగో రోజుకి వెనక్కి వెళ్లాయి. ఆ నాలుగు రోజులూ ఆ అమ్మాయి మెస్సు సంగతేంటో అడిగే ధైర్యం చేయలేదు.

పోయిన వారం కొత్తగా చేరినమ్మాయి లాప్‌టాప్ పట్టుకొచ్చింది. "అన్నా, ఈ 330 ఏంటి? పైన ఏం రాసి లేదు."

నేను రాసిందే. "మన టైం గ్రీనిచ్ కన్నా ఐదున్నర గంటలు ముందు కదా, దాన్నే నిమిషాల్లో పెట్టా," అన్నాను.

"ఓహో. తీసేద్దామనుకున్నా."