అద్దములోని యెడమచేయి

మా చిన్నదానికి జడ వేయుటకై యొకనాడు నిలువుటద్దము ముందు కూర్చుంటిమి. అది బొట్టు పెట్టుకొనుచు, “అమ్మా, అద్దములోని పిల్ల యెడమచేతితో బొట్టు పెట్టుకొనుచున్న దేమి?” అని యడిగినది. కుడి యెడమగా గనబడుట అద్దమునకు సహజమని చెప్పి యూరకుంటిమి గాని, ఆ జవాబు మాకే తృప్తి గొలుపలేదు. ఏలయన, ఈ ప్రశ్ననే ప్రకృతి నడిగి జవాబు రాబట్టిన స్త్రీ చరిత్రను మేము కొలదిదినముల క్రిందటనే చదివియుంటిమి.

చుక్కల ముగ్గు నడుమ అద్దము నిలిపినచో ఈ సగమే ఆ సగమై కనబడునని మన సోదరీమణులకు వేరుగ జెప్పవలెనా? దీనినే శాస్త్రజ్ఞులు సౌష్ఠవ మందురు. ప్రకృతి నియమములకును ఇట్టి సౌష్ఠవము గలదని వారు చిరకాలము నమ్మిరి. అనగా, ఇచ్చట జరుగు ఏ పనికైనను అద్దములో గనబడు ప్రతిబింబము కూడ లోకమున నిజముగా జరుగదగినదే యని. కవ్వము కుడికి తిరిగినను ఎడమకు తిరిగినను వెన్న వచ్చును గదా!

1956వ సంవత్సరమున అమెరికాలోని లీ, యాంగ్ అను ఇద్దరు చీనాదేశపు యువశాస్త్రజ్ఞులు ఒక సందేహము లేవదీసిరి. విద్యుత్తు మొదలగువాని విషయమున ఈ నమ్మకము రుజువైనదే. కాని పరమాణు గర్భమునుండి ఎలెక్ట్రానులను వెడలగొట్టు ‘బలహీనశక్తి’ విషయమున దీనిని పరీక్షించినవారే లేరని వారు చూపిరి.

పరీక్షకు పూనుకొన్నది చియెన్ షియుంగ్ వూ. ఆమె 1912లో షాంఘై సమీపమున లియుహో పట్టణమున జన్మించెను. తండ్రి ఆడపిల్లలకై బడి పెట్టిన ఘనుడు. కూతురి తొలిచదువు ఆ బడిలోనే సాగెను. 1936లో ఓడ యెక్కి అమెరికా చేరెను. పిదప యుద్ధములును రాజ్యవిప్లవమును అడ్డుపడుటచే తల్లిదండ్రులను మరల చూడనే లేదు. 1973లో ఆమె స్వదేశమునకు పోవునప్పటికి వారిరువురును గతించియుండిరి. ఈ వాక్యమువద్ద మేము పుస్తకము మూసి కొంతసేపు కూర్చుంటిమి. మాకు రైలెక్కిన మరునాడే పుట్టిల్లు. అట్లయ్యు మూడేండ్లుగా పోలేదు.

ఆ 1956లోనే దంపతులు సముద్రప్రయాణమునకు చీట్లు కొనియుండిరి. మరియొకరు ముందుగా జేయుదురేమో యను తొందరతో ఆమె భర్త నొంటరిగా నోడ యెక్కించి, తాను ప్రయోగమునకై నిలిచిపోయెను.

ప్రయోగము వాషింగ్టను నగరమున నేషనల్ బ్యూరో ఆఫ్ స్టాండర్డ్సు సంస్థలో, అక్కడి శాస్త్రజ్ఞుల తోడ్పాటుతో జరిగినది. కోబాల్టు 60 అను లోహపు పరమాణు గర్భములు బొంగరములవలె దిరుగును. వేడి యున్నంతసేపు అవి తలయొక దిక్కునకు మొగముంచును. పరమశూన్య డిగ్రీకి ఒక డిగ్రీలో నూరవవంతు దూరమువరకు వానిని చల్లార్చి, అయస్కాంతముచే నొకే దిక్కునకు నిలుపవలెను. కొలది నిమిషములలో మరల వెచ్చబడి అన్నియు చెదరును. లెక్కింపు ఆ నిమిషములలోనే ముగియవలెను.

బొంగరము ప్రక్కన నిలువుటద్ద ముంచినచో, కుడికి దిరుగు బొంగరము అందులో ఎడమకు దిరుగును. మీదిది మాత్రము మీదనే యుండును. కావున ప్రకృతికి కుడియెడమల భేదము లేనిచో, ఎలెక్ట్రానులు మీది కెన్ని పోవునో క్రిందికి నన్నియే పోవలెను. అట్లు పోలేదు! ఒకవైపునకే యెక్కువగా పోయెను. అయస్కాంతపు దిక్కు మార్చగా అవియు దిక్కు మార్చెను. 1957 జనవరి 15వ తేదీన ఈ సంగతి ప్రకటితమైనది. దేవుడు ఎడమచేతివాటమువాడని తాను నమ్మనని, పెద్ద పందెమునకైనను సిద్ధమని పౌలి పండితుడు ఆ రోజులలోనే మిత్రునకు వ్రాసియుండెను. పందెము కట్టినవారు లేకపోవుట ఆయన యదృష్టము.

న్యూట్రినో అను కణమును 1930లో ఊహించినది ఈ పౌలియే. సూర్యునినుండి వచ్చు న్యూట్రినోలు మన గోరంత చోటుగుండ సెకనుకు సుమారు 6,000 కోట్లు దూసుకొనిపోవుచున్నను మనకు తెలియదు. ఇవన్నియు ఎడమవాటముననే దిరుగునని 1958లో తేలినది.

1957లోనే నోబెల్ బహుమానము లీ, యాంగ్‌లకు వచ్చినది. వూకు రాలేదు. ఊహ వారిదే, కాదనము. కాని రుజువు లేని యూహకు బహుమాన మిచ్చియుందురా? ఆమెకు 1978లో వుల్ఫు బహుమానము లభించెను. దానితో సరిపెట్టుకొనుటకు మా మనస్సొప్పదు.

ఇట్టిదే మరియొక చిక్కు. పరమాణు గర్భమును బిగించిపట్టు బలిష్ఠశక్తికి సౌష్ఠవమును చెరచుటకు వీలుండియు, ఏల చెరచుటలేదు? 1977లో హెలెన్ క్విన్ అను వనిత పెచ్చీతో గూడి దీనికొక సమాధానము చెప్పెను. దానినుండి ఉదయించిన క్రొత్త కణమునకు విల్చెక్ అనునాయన ‘ఏక్సియాన్’ అని పేరిడెను. అది బట్టలుతుకు సబ్బుపొడి పేరట! శాస్త్రమునకు బట్టిన మరకను వదలించునని కాబోలు. ఆ కణము మాత్ర మింతవరకు నెవరికిని చిక్కలేదు.

ఇదంతయు మా చిన్నదానికి తెలిసినంతవరకు చెప్పితిమి. అది కొంచె మాలోచించి, “అయితే న్యూట్రినో అద్దము చూచుకొన్నచో అందులో నేమి కనబడును?” అన్నది. ఆ ప్రతిబింబమువంటి న్యూట్రినో లోకమున నింతవరకు కనబడలేదని చెప్పితిమి. అప్పటికి జడ సగమే యయినది, బడిగంట వినబడినది.